85 గ్రాముల దాణా

మే నెల మూడో వారం. పొద్దున ఆరింటికే షెడ్డు రేకులు వేడెక్కడం మొదలైంది. హనుమకొండ నుంచి పరకాల వెళ్లే దారిలో, మా నాన్న పత్తి వేసిన రెండెకరాల్లో ఒక మూల నా షెడ్డు ఉంది. అందులో 1,500 తెల్ల లేయర్ కోళ్లు. మార్చిలో రోజుకు 45 ట్రేలు నింపిన కోళ్లు ఆ వారం 36 దగ్గర ఆగిపోయాయి. పెట్టిన గుడ్లయినా గుడ్లలా ఉన్నాయా అంటే అదీ లేదు. నా దగ్గర సరుకు తీసుకునే కొట్టు యజమాని ఒక గుడ్డును అరచేతిలో అటూ ఇటూ తిప్పి, "అన్నా, ఇది కోడి పెట్టిందా, పావురం పెట్టిందా?" అన్నాడు.

సలహాలకు మా ఊళ్లో ఎప్పుడూ కరువు లేదు. పెద్ద ఫారం నడిపే పక్క ఊరి రైతు, "దాణాలో బలం చాలడం లేదు. సోయా పెంచు, ప్రోటీన్ 20 శాతానికి తీసుకుపో" అన్నాడు. మర్నాడే ఒక కంపెనీ మనిషి మోటార్ సైకిల్ మీద వచ్చి ఆకుపచ్చ మూత ఉన్న డబ్బా నా ముందు పెట్టాడు. "సార్, ఇది పూర్తిగా సహజం. అన్నీ మూలికలే. మెథియోనిన్ అనే రసాయనం బదులు టన్ను దాణాకు ఇది ఒక్క కిలో కలపండి, చాలు."

మెథియోనిన్ అంటే ప్రోటీన్‌ను కట్టే అమైనో ఆమ్లాల్లో ఒకటి, దాణా గింజల్లో చాలనంత సంచిలోంచి తీసి కలుపుతాం. నేను ఇద్దరి మాటా విన్నాను. ఎందుకు విన్నానో చెప్పాలంటే ఒక బడాయి ఒప్పుకోవాలి. ఫిబ్రవరిలో నా గుడ్లకు "సహజ గుడ్లు" అని ఫ్లెక్సీ కొట్టించాను. ఫ్లెక్సీ కట్టాక దాణా గదిలో మెథియోనిన్ సంచి కనిపిస్తే నాకే సిగ్గనిపించింది. తీసి పక్కన పెట్టించాను. ఎండలు ముదరని రోజుల్లో ఏ తేడా కనిపించలేదు. నేనే గెలిచాననుకున్నాను.

ప్రోటీన్ పెంచి, మూలికల పొడి కలిపిన పది రోజులకు షెడ్డులో అడుగుపెడితే కళ్లు మండేవి. కోళ్లు దాణా వదిలి నీళ్ల దగ్గరే నిలబడేవి. కింద పరిచిన ఊక తడిసి అట్టలు కట్టింది. ఒక మధ్యాహ్నం 11 కోళ్లు రెక్కలు విప్పి, నోళ్లు తెరుచుకుని, అలాగే ఒరిగిపోయాయి. ట్రేలు 34కు దిగాయి.

అప్పుడు ఒక కుర్ర పశువైద్యుడిని పిలిచాను. మామునూరు కాలేజీలో చదివి కొత్తగా బయటికి వచ్చినవాడు. మందుల చీటీ రాస్తాడని కాగితం సిద్ధంగా పెట్టుకున్నాను. అతను అడిగింది వేరు.

"అన్నా, ఒక్కో కోడి రోజుకు ఎంత తింటోంది?"

"110 గ్రాములు."

"తూచారా?"

తూచలేదు. ఆ 110 పుస్తకంలో ఉన్న అంకె. మర్నాడు తెల్లవారి 165 కిలోలు వేసి, తర్వాతి రోజు అదే సమయానికి తొట్లలో మిగిలింది ఊడ్చి కాటా మీద పెట్టాము. 37 కిలోలు తేలింది. అంటే తిన్నది 128 కిలోలు, కోడికి 85 గ్రాములు. మూడు నెలలుగా నేను శాతాల గురించి వాదిస్తున్నాను. కోళ్లకేమో పావు వంతు దాణా లోపలికే పోవడం లేదు.

ఇక్కడి నుంచి కాస్త లెక్కలు వస్తాయి. విసుగు అనిపిస్తే క్షమించాలి, ఎందుకంటే నా వాదనంతా ఈ లెక్కల్లోనే ఉంది.

నా పాత దాణా వంద కిలోల్లో 60 కిలోలు మొక్కజొన్న, 24 కిలోలు సోయా చెక్క, 5 కిలోలు నూనె తీసిన తవుడు. మిగతాది సున్నపురాయి పొడి, డీసీపీ అనే కాల్షియం, ఫాస్ఫరస్ లవణం, ఉప్పు, విటమిన్లు. ప్రోటీన్ సుమారు 16.6 శాతం. మెథియోనిన్ విడిగా వేయకపోతే ఈ గింజల్లోంచి వచ్చేది 0.27 శాతం. అమెరికా జాతీయ పరిశోధన మండలి 1994లో ప్రచురించిన పట్టికల ప్రకారం తెల్ల గుడ్ల కోడికి రోజుకు 15 గ్రాముల ప్రోటీన్, 300 మిల్లీగ్రాముల మెథియోనిన్ కావాలి. ఇవాళ్టి కోళ్లు అప్పటి కోళ్లకన్నా ఎక్కువ పెడతాయి కాబట్టి ఇది అట్టడుగు లెక్క అనుకోండి. కోడి 110 గ్రాములు తిన్నన్నాళ్లు నా దాణాలోంచి 297 మిల్లీగ్రాములు అందుతోంది. చావుతప్పి కన్ను లొట్టపోయినట్టు గట్టెక్కింది. 85 గ్రాములకు దిగేసరికి అందేది 230.

ఇప్పుడు పక్క ఊరి రైతు వైద్యం చూద్దాం. మొక్కజొన్న 9 కిలోలు తగ్గించి సోయా 9 కిలోలు పెంచితే ప్రోటీన్ 20 శాతానికి చేరుతుంది. 85 గ్రాముల దాణాలో 17 గ్రాముల ప్రోటీన్, అంటే అవసరానికి రెండు గ్రాములు ఎక్కువే. మెథియోనిన్ మాత్రం 263 దగ్గరే ఆగిపోయింది. సోయా, మొక్కజొన్న ధరల మధ్య కిలోకు 20 రూపాయల తేడా వేసుకున్నా టన్నుకు 1,800 రూపాయలు అదనంగా పోసి, కొరత ఉన్న సరుకును కొరతగానే ఉంచాను. అదే టన్నుకు కిలో మెథియోనిన్ కలిపితే పాత దాణాతోనే 85 గ్రాముల్లో 315 దాకా అందేది. దాని ఖర్చు కొన్ని వందల రూపాయలు.

వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసేవాళ్లను చూసినవారికి ఇది వెంటనే తెలుస్తుంది. అంచు ఎర్రగా రావాలి, ఎర్ర నూలు అయిపోయింది. నీలం నూలు పక్కన గుట్టగా పడి ఉన్నా మగ్గం ఆగాల్సిందే. కోడి గుడ్డు నేయడం కూడా అలాంటిదే. మొక్కజొన్న, సోయా దాణాలో ముందుగా అయిపోయే నూలు మెథియోనిన్. లైసిన్ అనే ఇంకో అమైనో ఆమ్లానికి సోయాలో లోటుండదు. మగ్గం ఆగాక మిగిలిన నీలం నూలును, అంటే అదనపు ప్రోటీన్‌ను, కోడి దాచుకోలేదు. విరగ్గొట్టి యూరిక్ ఆమ్లంగా మార్చి రెట్టలో పారేస్తుంది. విరగ్గొట్టేటప్పుడు ఒంట్లో వేడి పుడుతుంది. పారేయడానికి నీళ్లు ఎక్కువ తాగాలి. తడిసిన ఊకలో ఆ యూరిక్ ఆమ్లమే అమ్మోనియాగా మారి మన కళ్లను మండిస్తుంది. నలభై నాలుగు డిగ్రీల ఎండలో, చెమట పట్టని పక్షి కడుపులో నేను ఇంకో పొయ్యి రాజేశాను. ఆ 11 కోళ్ల చావులో నా వాటా ఎంతో నాకు తెలుసు.

సంచి మీద అచ్చువేసే ఆ ప్రోటీన్ శాతం ఎక్కడి నుంచి వస్తుందో కూడా చెప్పుకోవాలి. డెన్మార్క్‌లో బీరు తయారుచేసే కార్ల్స్‌బర్గ్ వారి ప్రయోగశాలలో కెల్డాల్ అనే రసాయన శాస్త్రవేత్త 1883లో ఒక పద్ధతి కనిపెట్టాడు. ఇవాళ్టికీ దాణా పరీక్షలకు అదే ఆధారం. ఆ పద్ధతి ప్రోటీన్‌ను కొలవదు, నత్రజనిని కొలుస్తుంది. వచ్చిన అంకెను 6.25తో గుణించి ప్రోటీన్ అంటారు. అందుకే తవుడులోనో చేప పొడిలోనో గుప్పెడు యూరియా కలిపినవాడు పరీక్షలో పాసైపోతాడు. ఆవు పొట్టలోని సూక్ష్మజీవులు యూరియాను ఎంతో కొంత వాడుకుంటాయి. కోడికి అలాంటి పొట్ట లేదు. శాతం పెరుగుతుంది, గుడ్డు పెరగదు.

ఇక ఆకుపచ్చ మూత డబ్బా సంగతి. దానిమీద నాకు కోపం లేదు, దాన్ని నమ్మిన నామీదే ఉంది. టన్నుకు కిలో కలిపితే 85 గ్రాముల దాణా తిన్న కోడి కడుపులోకి వెళ్లేది 85 మిల్లీగ్రాముల పొడి. పాత దాణాతో కోడికి తక్కువ పడింది 70 మిల్లీగ్రాముల మెథియోనిన్. డబ్బాలో ఉన్నది ఆకూ వేరూ కాకుండా దాదాపు శుద్ధ మెథియోనిన్ అయితే తప్ప ఈ లెక్క కుదరదు. ఎండబెట్టిన ఏ ఆకులోనైనా మెథియోనిన్ నూటికి ఒక పాలు కూడా ఉండదు. ఇదే ప్రశ్న వేస్తే ఆ మనిషి, "సార్, ఇది మెథియోనిన్ చేసే పనిని చేస్తుంది" అన్నాడు. అందులో కొంత నిజం లేకపోలేదు. మెథియోనిన్ ఒంట్లో రెండు కొలువులు చేస్తుంది. ఒకటి మిథైల్ అనే చిన్న ముక్కను అవసరమైన చోటికి అందించడం. ఆ పని కోలిన్, బీటైన్ వంటివి కొంత పంచుకోగలవు. రెండోది తానే గుడ్డులోని ప్రోటీన్‌లో ఇటుకగా కూర్చోవడం. ఆ చోటులో ఇంకెవరూ కూర్చోలేరు. నా కోళ్లకు తక్కువైంది ఇటుక.

మీరు అడగబోయేది నాకు తెలుసు. మెథియోనిన్ రసాయనం కాదా? ముమ్మాటికీ రసాయనమే. అక్రోలిన్, మిథైల్ మెర్కాప్టన్, హైడ్రోజన్ సైనైడ్ కలిపి ఫ్యాక్టరీలో తయారుచేస్తారు. చివరి పేరు వింటేనే ఒళ్లు జలదరిస్తుంది. చివరికి వచ్చే తెల్లటి పలుకుల్లో మాత్రం సైనైడ్ లేదు. సోయాలో ఉండే మెథియోనిన్‌కు అద్దంలో ప్రతిబింబంలాంటి రూపం అందులో సగం ఉంటుంది, ఆ సగాన్ని కూడా కోడి మార్చుకుని వాడుకుంటుంది. సేంద్రియం పేరుతో నియమాలు రాసినవాళ్లే దీని మీద ఒక్క మాట మీద లేరు. యూరప్ సేంద్రియ దాణాలో కృత్రిమ మెథియోనిన్‌ను రానివ్వదు. అమెరికా సేంద్రియ నిబంధనలు లేయర్ కోళ్లకు సగటున టన్నుకు రెండు పౌండ్ల వరకు ఒప్పుకుంటాయి. యూరప్ పద్ధతిలో లోటు పూడ్చాలంటే ప్రోటీన్‌నే అదనంగా మేపాలి. దాని ఫలితం నా షెడ్డులో నేను చూశాను.

సహజం అనే మాటను నేను అనుమానించడం మొదలుపెట్టింది నిజానికి అంతకు ముందు ఏడాదే. పాఠం అప్పుడే చెప్పారు, నేనే వినలేదు. వరంగల్ అంటే పత్తి. ఎనుమాముల మార్కెట్‌కు సీజన్లో వెళ్తే దారి పొడవునా తెల్లగా దూది రేగుతూ ఉంటుంది. పత్తి గింజల చెక్క చవకగా దొరికింది, ప్రోటీన్ కూడా బాగానే ఉంది, మన నేలలో పండింది, ఇంతకన్నా సహజం ఏముంటుందని సోయాలో కొంత తగ్గించి అది కలిపాను. రెండు మూడు వారాల తర్వాత హనుమకొండ నుంచి ఒక ఇల్లాలు ఫోను చేసింది.

"అన్నా, గుడ్డులో సొన పచ్చగా ఉంది."

"పచ్చసొన పచ్చగా కాక ఎలా ఉంటుందమ్మా?"

"అయ్యో, ఆ పచ్చ కాదు. ఆకు పచ్చ!"

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. సాయంత్రం వెళ్లి, ఫ్రిజ్‌లో పది రోజులుగా ఉన్న గుడ్డును స్టీలు పళ్లెంలో పగలగొట్టించి చూశాను. సొన నాచు పట్టిన రాయి రంగులో ఉంది, అంచున గోధుమ మచ్చలు. అదే రోజు పెట్టిన గుడ్డు పగలగొడితే మామూలుగానే కనిపించింది, అందుకే నా కంట పడలేదు. పత్తి గింజలో గాసిపాల్ అనే పదార్థం ఉంటుంది. సొనలోని ఇనుముతో అది కలిసి, గుడ్డు నిల్వ ఉన్నకొద్దీ రంగు మారుతుంది. ఆ గింజలోనే ఉన్న ఒక రకం కొవ్వు ఆమ్లం తెల్లసొనను గులాబీ రంగుకు తిప్పగలదు. పురుగులు తినకుండా మొక్క తనకోసం తయారుచేసుకున్న విషం గాసిపాల్. పూర్తిగా సహజం. ఆ ఇంటికి రెండు ట్రేలు ఉచితంగా ఇచ్చి బయటపడ్డాను.

పల్లి చెక్కదీ అదే కథ, ఇంకా ఘోరమైనది. 1960లో ఇంగ్లండ్‌లో లక్ష టర్కీ కోళ్లు చచ్చిపోయాయి. కారణం బ్రెజిల్ నుంచి వచ్చిన పల్లి చెక్కలో పెరిగిన బూజు. అఫ్లాటాక్సిన్ అనే విషం లోకానికి తెలిసింది అలాగే. మన దగ్గర వానకు తడిసిన మొక్కజొన్నను సరిగా ఆరబెట్టకుండా గోదాములో పోస్తే అదే బూజు పడుతుంది. రోడ్డు మీద ఆరబోసిన మక్కలను చూసి విసుక్కునేవాళ్లు ఒకసారి ఈ సంగతి గుర్తు చేసుకోవాలి. పచ్చి సోయా గింజ సంగతీ చెప్పనక్కరలేదు. వేడి చేయకపోతే ప్రోటీన్‌ను అరగనివ్వని పదార్థం దానిలోనే ఉంది.

"మరి మన పాతకాలం కోళ్లు ఏ మెథియోనిన్ తిన్నాయి?" అని మా బాబాయి అడుగుతుంటాడు. మంచి ప్రశ్న. మా నాయనమ్మ ఒక పాత కుండలో పేడ, గడ్డి కుక్కి, నీళ్లు చిలకరించి, చెదలు ఉన్న చోట బోర్లించేది. రాత్రికి కుండ నిండా చెదలు పట్టేవి. పొద్దున దాన్ని పిల్లల కోడి ముందు దులిపితే ఆ పిల్లలు ఎగబడేవి. మాకు చిన్నప్పుడు అదొక ఆట. నాయనమ్మ కోళ్లు తులసి తిని బతకలేదు, పురుగులు తిని బతికాయి. పురుగు మాంసమే కదా, దానిలో మెథియోనిన్ ఉంటుంది. పైగా ఆ కోడి పెట్టింది ఏడాదికి అరవై డెబ్భై గుడ్లు. నా షెడ్డులో ఉన్నది 300 దాటి పెట్టేలా పెంచిన జాతి. గుడ్డుకు ఆరు గ్రాముల పైచిలుకు ప్రోటీన్ రోజూ ఒంట్లోంచి తీసి ఇచ్చే పక్షికి, సగటున ఐదారు రోజులకొకటి పెట్టే పక్షి కథలు చెప్పి కడుపు నింపలేము.

అజొల్లా కూడా పెంచి చూశాను. నీళ్ల తొట్టిలో పచ్చటి తివాచీలా పరుచుకుంటే చూడ్డానికి ముచ్చటేస్తుంది. ఎండబెట్టి తూస్తే ప్రోటీన్ నూటికి ఇరవై పైనే. కాని పచ్చి అజొల్లాలో తొంభై పాళ్లకు మించి నీళ్లే. వంద గ్రాముల పచ్చి అజొల్లాలో కోడికి దక్కేది గ్రామున్నర ప్రోటీన్. పెరట్లో పది కోళ్లున్నవాళ్లకు అది నిజంగా ఆసరా. 1,500 కోళ్లకు తొట్లు కట్టాలంటే నేను మళ్లీ రెండెకరాలు కొనాలి.

మునగాకు కొంత నయం, ఎండబెడితే పాతిక శాతం దాకా ప్రోటీన్, కాల్షియం కూడా ఉంది. మా గట్టు మీద చెట్లున్నాయి కాబట్టి వేస్తాను, లేకపోతే వేయను.

ఇంత చెప్పి సహజమైనవన్నీ దండగ అంటున్నానని అనుకోవద్దు. యాంటీబయాటిక్‌లను కోళ్లు బలంగా పెరగడానికి దాణాలో కలిపే రోజులు పోతున్నాయి, పోవాలి కూడా. యూరప్ 2006 జనవరి నుంచి ఆపేసింది. మన దేశంలో కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ను 2019లో పశువుల దాణాకు, చికిత్సకు నిషేధించారు. ఆ ఖాళీలోకే ఈ మూలికల డబ్బాలన్నీ వచ్చాయి. వెల్లుల్లి, ఓమ వంటివాటిలో సూక్ష్మజీవులను అడ్డుకునే గుణం ఉన్న మాట నిజం. నేను వేడి రోజుల్లో నీళ్లలో నిమ్మరసం, వంటసోడా వేర్వేరు పూటల్లో ఇస్తాను. కోడి రొప్పినప్పుడు రక్తంలోంచి బొగ్గుపులుసు వాయువు ఎక్కువగా పోయి, పెంకుకు కావలసిన బైకార్బొనేట్ తగ్గుతుంది, అందుకే ఎండాకాలం పెంకు పలచబడి గుడ్లు పగులుతాయి. వంటసోడాకు అక్కడ పని ఉంది. సాయంత్రం పూట రాయి పలుకులు విడిగా వేయడం దానికన్నా ముఖ్యం. పెంకు తయారయ్యేది ఎక్కువగా రాత్రిపూట, అప్పుడు కడుపులో నెమ్మదిగా కరిగే కాల్షియం ఉండాలి. దేనికి ఏది ఇస్తున్నామో తెలిసి ఇస్తే నాకు ఏ ఆకుతోనూ తగువు లేదు.

ఆ వేసవిలో చివరికి చేసింది ఇంతే. సోయాను పాత లెక్కకు దించాము. మెథియోనిన్ సంచి విప్పాము. దాణా తెల్లవారుజామున నాలుగింటికి ఒకసారి, ఎండ దిగాక ఒకసారి వేశాము. తడి ఊక తీసి కొత్తది పరిచాము. కళ్ల మంట నాలుగైదు రోజుల్లో తగ్గింది. జూన్ రెండో వారంలో వానలు పడ్డాయి, ట్రేలు 42కు వచ్చాయి. అందులో వాన పుణ్యం ఎంత, మెథియోనిన్ పుణ్యం ఎంత అని ఎవరైనా గట్టిగా అడిగితే విడదీసి చెప్పలేను. గుడ్డు సైజు మాత్రం వానకు ముందే కోలుకుంది.

ఇంతకీ సహజమైనదాన్ని ఒక్కదాన్ని నేను మనసారా వాడతాను, అది బంతి పువ్వు. మొక్కజొన్న ధర పెరిగినప్పుడు నూకలు కలుపుతాం, అప్పుడు సొన పాలిపోతుంది. బంతిలో ఉండే ల్యూటిన్ నేరుగా సొనలోకి వెళ్లి రంగు తెస్తుంది. పసుపు వేస్తే సొన పసుపవుతుందని నిజామాబాద్‌లో ఉండే మా బావ నమ్మకం. వేసి చూశాను, నా కంటికి తేడా కనిపించలేదు. చపాటా మిరప పొడి మాత్రం ఎరుపు తిప్పింది. కోడికి మిరప ఘాటు తెలియదు, ఆ మంటను పసిగట్టే ఏర్పాటు పక్షుల్లో పనిచేయదు. పొడి కలిపే మా కూలీలకే తుమ్ములు. అందుకే బంతితో సరిపెట్టాను. సద్దుల బతుకమ్మ మర్నాడు మార్కెట్‌లో మిగిలిపోయిన బంతిని అడిగినవాడికి అడిగినంత ఇస్తారు. రెండు సంచులు తెచ్చి డాబా మీద నీడలో ఆరబెడతాను. అమ్మ ప్రతిసారీ అడుగుతుంది, "పువ్వులు కోళ్లకు వేస్తావా?" అని. దాణాలో కలిపిన పది రోజులకు సొన మారుతుంది, ఎందుకంటే కోడి కడుపులో ఒక సొన పూర్తిగా ఎదగడానికి దాదాపు అన్ని రోజులు పడుతుంది.

రంగు తప్ప అందులో ఇంకేమీ మారలేదని నాకు తెలుసు. నెక్ అనే జాతీయ గుడ్ల సమన్వయ సంఘం రోజూ ప్రకటించే ధరల్లో వరంగల్‌కు ఒక వరుస ఉంటుంది, అందులో సొన రంగుకు పైసా ఎక్కువ లేదు. నా దగ్గరికి నేరుగా వచ్చేవాళ్లు మాత్రం ఆ రంగు కోసమే వస్తారు. మొన్న ఆదివారం కారులో వచ్చిన ఒకావిడ, "మీ గుడ్డు అచ్చం నాటుగుడ్డులా ఉంటుందండీ, మందులేవీ వేయరు కదా?" అంది. ఫ్లెక్సీ ఎప్పుడో తీసేశాను. దాణా గది తలుపు తీసి సోయా, మొక్కజొన్న, రాయి, బంతి రేకులు, మెథియోనిన్ సంచి అన్నీ చూపించాను. ఆమె చివరి సంచి దగ్గర ఆగి, "ఇది రసాయనమా?" అని అడిగింది.

"అవునమ్మా. వంద కిలోలకు వంద గ్రాములు."

కాసేపు ఆలోచించి, రెండు ట్రేలు అడిగిన మనిషి ఒక ట్రే తీసుకుని వెళ్లింది.